నూట ఏబదిమూడు

యోహాను సువార్త 21వ అధ్యాయము చదివిన విద్యార్థులకు ఈ సంఖ్య క్రొత్త గాదు. తిబెరియ సముద్రములో రాత్రియంతయు శ్రమపడి యేమియు పట్టజాలని శిష్యులు, ప్రభువు మాటచొప్పున కుడిప్రక్కను వల వేయగా 153 గొప్ప చేపలు పడెను. ఇంచుమించు నూటయేబది యని యూరకొనక, పై మూడింటినిగూడ విడువక లెక్కించినవారియెడ మాకు గౌరవము కలదు.

1 మొదలు 17 వరకు గల సంఖ్యలను కూడిన 153 వచ్చును. కావున ఆ చేపలను ఒకటి, రెండు, మూడు చొప్పున పదునేడు వరుసలుగా పేర్చినచో త్రికోణమగును. 1, 2, 6, 24, 120 అను క్రమగుణితములను కూడినను ఇదియే. దీని అంకెల ఘనములు 1, 125, 27. వాని మొత్తమును మరల 153. అగస్టీను భక్తుడు ఆ 17ను పది యాజ్ఞలుగను, ఆత్మయొక్క యేడు వరములుగను విడదీసి వ్యాఖ్యానించెను. అట్టి వ్యాఖ్యానము ధ్యానమునకు తోడ్పడవచ్చునుగాని, దానిని మతమునకు రుజువుగా జూపుట మాకు సమ్మతము గాదు. ఏ సంఖ్యను పిండినను ఏదో యొక వింత రాలును. రేపు వేరొకడు వేరొక సంఖ్యతో వచ్చినచో మన విశ్వాసము నేమి చేయుదుము?

మరియు వింతలన్నియు నొక్క జాతివి గావు. త్రికోణము సంఖ్యకు స్వభావసిద్ధము. ఘనముల ముచ్చట యట్టిది గాదు. అది మనము తొడిగిన చొక్కాకు సంబంధించినది. పదింటికి బదులు ఎనిమిదింటిని ఆధారముగా గొన్నచో 153ను 231 అని వ్రాయవలెను. ఆ యంకెల ఘనముల మొత్తము 36 మాత్రమే. అందువలననే కాబోలు, హార్డీ పండితుడు 1940లో ప్రకటించిన చిన్న గ్రంథములో, 1 గాక ఇట్టి సంఖ్యలు 153, 370, 371, 407 అను నాలుగే యని చెప్పి, ఇవి చిక్కుప్రశ్నలకు తగునుగాని గణితజ్ఞుని ఆకర్షింపవని త్రోసివైచెను.

అంతటివానితో వాదించుట సాహసమే. అయినను బడిపిల్లల పక్షమున నొకమాట. మూడుచే నిశ్శేషముగా భాగింపబడు నే సంఖ్యనైనను గైకొని, దాని యంకెల ఘనములను కూడి, వచ్చినదానిని మరల నట్లే చేయుచు బోయిన, తుదకు 153 కడనే నిలుచును. 12 నుండి 9, 729, 1080, 513, పిమ్మట 153. పది సంఖ్యలతో చూచి "ఎల్లప్పుడు నింతే" యని వ్రాయు నలవాటు మన తరగతులలో మెండు. అది రుజువు గాదు. అంకెను, దాని ఘనమును మూడుచే భాగించిన శేషమొక్కటే. సంఖ్యకును దాని యంకెల మొత్తమునకును అట్లే. కావున మూడింటి గుణిజము మూడింటి గుణిజముగనే యుండును. అయిదంకెలును అంతకు మించినవియు తప్పక తగ్గును. నాలుగంకెల సంఖ్య 4×729, అనగా 2916ను మించనీయదు. ఇక పరీక్షింపవలసినవి 972 గుణిజములే. 12, 21, 102 లకు ఫలమొక్కటే గనుక అన్నియు నక్కరలేదు. ఎన్ని చాలునో పై తరగతులవారు సెలవులలో కూర్చుండి తేల్పుదురు గాక.