మాటలు లెక్కపెట్టేవాళ్లతో ఒక పేచీ

"మీ పాపకి ఎన్ని మాటలొచ్చాయి?" అన్న ప్రశ్న మీద నాకు కోపం. అడిగేవాళ్ల దృష్టిలో పిల్లల భాష అంటే ఒక జాబితా. అమ్మ, తాత, బువ్వ, కుక్క... జాబితా పొడుగైతే సంతోషం, పొట్టిదైతే కంగారు. లాగ్‌లో పడిందే జరిగిందనుకోవడం మా సాఫ్ట్‌వేర్ వాళ్ల పాత రోగం. అది ఇళ్లలోకీ, నర్సరీ బళ్లలోకీ కూడా పాకింది.

బీర్కూర్‌లో మా అక్క కూతురికి ఏడాదిన్నర. వాళ్ల నాన్న చెప్పు పట్టుకొచ్చి "బాపు" అంటుంది. అంటే ఇది బాపు చెప్పు అని. బయట బండి చప్పుడైతే అటు వేలు చూపించి, గొంతు పైకి లేపి "బాపు?" అంటుంది. బాపు వచ్చిండా అని. పొద్దున బండి వెళ్లిపోయాక ఖాళీ వాకిలి చూపిస్తూ, గొంతు దించి అదే మాట. జాబితాలో ఇది ఒక్క మాటే. వాళ్ల నానమ్మ మాత్రం మూడింటికీ మూడు జవాబులిస్తుంది: "ఆఁ, బాపు చెప్పే", "కాదే, పాలాయన బండి", "పొలంకాడికి పోయిండు బిడ్డా".

తెలుగులో ప్రశ్న కోసం క్రియ చివర "ఆ" చేరుస్తాం: వచ్చిండు, వచ్చిండా. ఆ "ఆ" ఇంకా పట్టుబడని పిల్ల దాని పని గొంతుతో చేయిస్తోంది. రెండో మాట రాని చోట చేతిలో చెప్పే రెండో మాట. దీన్ని వాక్యం అనకపోతే ఇంకేమంటారు?

ఇదంతా మేనమామ మురిపెం అనుకునేవాళ్లకి కొన్ని సంగతులు. పిల్లలు మాటలకి ముందే వేలు చూపించి "అది ఇవ్వు" అని అడుగుతారనీ, "అది చూడు" అని పంచుకుంటారనీ ఎలిజబెత్ బేట్స్, ఆవిడ సహచరులు 1975లో రాశారు. అదే ఏడాది హాలిడే తన కొడుకు భాష మీద పుస్తకం తెచ్చారు. ఆ పిల్లాడు జవాబు కావాలన్నప్పుడు గొంతు పైకి లేపేవాడు, ఊరికే చెప్తున్నప్పుడు దించేవాడు. 2005లో ఐవర్సన్, గోల్డిన్-మెడో 10 మంది పిల్లల్ని గమనించారు. మాటకి వేరే అర్థమున్న సైగని ముందుగా జతచేసినవాళ్లే రెండు మాటలు కలపడంలోనూ ముందున్నారు.

"డాక్టర్లు కూడా మాటలే అడుగుతారు కదా?" అనొచ్చు. అడుగుతారు, అడగాలి కూడా. దాంతోపాటు వేలు పెట్టి చూపిస్తుందా, పేరు పిలిస్తే తిరిగి చూస్తుందా, చెవులు వినిపిస్తున్నాయా అనీ అడుగుతారు. ఉట్టి లెక్క రెండువైపులా మోసం చేస్తుంది. సైగలతో ఇల్లంతా నడిపించే పిల్ల తల్లిని అనవసరంగా భయపెడుతుంది. ఫోన్లో చూసిన ఇంగ్లీషు రంగుల పేర్లు గడగడా అప్పజెప్తూ, ఎవరికీ ఏదీ చూపించని పిల్లాడిని "భేష్" అంటుంది. సాయం అవసరమైంది ఆ రెండోవాడికే కావచ్చు. అది ఆలస్యమవుతుంది. ఆ చుట్టుపక్కల ఒక బడిలో రెండున్నరేళ్ల పిల్ల కాగితం మీద "నో స్పీచ్" అని రాశారు. వాళ్లు లెక్కపెట్టినవి ఇంగ్లీషు మాటలు మాత్రమే!

మన కథకులూ తక్కువ తినలేదు. కథలో పసిపిల్ల ఉంటే నత్తి మాటలైనా పలుకుతుంది, నలభయ్యేళ్ల జ్ఞానమైనా చెప్తుంది. ఆ పిల్లకి చేతులుండవు, చూపుడువేలుండదు, గొంతులో ఎత్తుపల్లాలుండవు. ఎదురుగా జవాబిచ్చే నానమ్మ కూడా ఉండదు. నోరొక్కటే పాత్ర. మాండలికం మీద ఇన్నేళ్లు పోట్లాడుకున్నాం, సంతోషం. పసిపిల్లల భాషని కూడా ఒక భాషగా విని రాయమనే నా గొడవ.

ఈసారి ఎవరైనా "ఎన్ని మాటలొచ్చాయి?" అంటే, "ఏమేం చెప్తుందో అడగండి" అనండి. కాసేపు కూచుని చూడమని కూడా చెప్పండి.