సెలవునాటి కొండబాట: యాకుత్‌పురా నుంచి అనంతగిరి దాకా
గ్రామాలకు మిగులుతున్నదేమిటి?

యాకుత్‌పురా: సెలవు వచ్చిందంటే పాతబస్తీ యువకులు పదిమంది, ఇరవైమంది జట్లుగా కూడి కొండలకు ప్రయాణం కట్టడం ఇప్పుడు వింత కాదు. శనివారం సాయంత్రం బయలుదేరి, ఆదివారమంతా అడవిబాటల్లో నడిచి, రాత్రికి ఇల్లు చేరుతున్నారు. నగరానికి దగ్గరగా ఉన్నందున ఎక్కువమంది చూపు వికారాబాద్ జిల్లా అనంతగిరి మీదనే పడుతున్నది. ఈ అలవాటు ఆరోగ్యదాయకమే. అయితే నడిచినవారికి కలిగే ఆనందంతోపాటు, వారు నడిచిన గ్రామాలకు ఒనగూరేదేమిటన్నది కూడా ఆలోచించవలసిన విషయం.

పాత చుట్టరికం

అనంతగిరికీ పాతబస్తీకీ ఉన్న సంబంధం నేటిది కాదు. నగరం మధ్యగా పారే మూసీ పుట్టింది ఆ కొండల్లోనే. అక్కడ కురిసిన వాన గండిపేట చెరువును నింపి, నగరాన్ని దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలాదిమందిని బలిగొన్న సంగతి పాఠకులకు విదితమే. ఆ తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించారు.

మరొక సంబంధం పేరులోనే ఉన్నది. యాకుత్‌పురాకు చేరువలోని ఫలక్‌నుమా ప్యాలెస్‌ను కట్టించిన పైగా ప్రభువు నవాబ్ వికారుల్ ఉమ్రా పేరిటనే వికారాబాద్ వెలసింది. నిజాం కాలంలో క్షయరోగులకు అనంతగిరి గాలి మంచిదని అక్కడ ఆసుపత్రి కూడా నెలకొల్పారు. మంచి గాలి కోసం నగరవాసి ఆ కొండ ఎక్కడం అప్పటినుంచీ ఉన్నదే.

యాకుత్‌పురా వాసికి ఆ గాలి అవసరం మరీ ఎక్కువ. ఇరుకు గల్లీలు, ఒకదానినొకటి ఆనుకున్న ఇళ్ళు, పిల్లలు ఆడుకోవడానికి చాలీచాలని జాగా. వాన గట్టిగా పడితే నాలాలు పొంగి పల్లపు వాడలు మునుగుతాయి. 2020 అక్టోబరు వర్షాలలో పాతబస్తీ పడిన అగచాట్లు ఇంకా ఎవరూ మరువలేదు. కనుక జరీ పనివాడూ, దుకాణంలో గుమాస్తా, కళాశాల విద్యార్థీ వారానికొక పూట కొండ గాలి కోరుకుంటే తప్పు పట్టవలసింది లేదు.

లెక్క ఎవరి వైపు?

చిక్కు వచ్చేది లెక్క చూసినప్పుడే. ఇటువంటి యాత్రల్లో మనిషికి ఇంతని ముందుగానే వసూలు చేస్తారు. అందులో బస్సు కిరాయి, భోజనం, నిర్వాహకుల ఖర్చు కలిసి ఉంటాయి. బస్సు నగరానిది, వంట నగరానిది, నీళ్ళ సీసాలు సైతం నగరంలో కొన్నవే. రాత్రి బస చేస్తే ఆ సొమ్ము రిసార్టు యజమానికి చేరుతుంది. బాట పక్కన సీతాఫలాలో, మొక్కజొన్న పొత్తులో అమ్ముకునే ఆడవారికి దక్కేది చిల్లర మాత్రమే.

ఖర్చు వైపు చూస్తే అది గ్రామాలదే. ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ పళ్ళేలు అడవిలో మిగులుతాయి. వాటితోపాటు మేకలూ, పశువులూ ప్లాస్టిక్ మింగి చచ్చిపోతే నష్టం కాపరిది. మోటారు వాహనాల రద్దీలో పొలానికి వెళ్ళే దారి మూసుకుపోతుంది. చెత్త ఎత్తవలసిన పని గ్రామ పంచాయతీ పారిశుధ్య కార్మికుల మీద పడుతుంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో అనేక తండాలు ప్రత్యేక పంచాయతీలైనవి. కానీ ఇంతటి రద్దీని మోయగల ఆదాయం ఈ చిన్న పంచాయతీలకు ఎక్కడిది? వచ్చినవారు వందల్లో ఉన్నా, వారి నుంచి పంచాయతీ ఖజానాకు చేరే ఏర్పాటు లేకపోతే, ఆ గ్రామానికి యాత్రికుడు అతిథిగా గాక భారంగా తోస్తాడు.

ఇతర చోట్ల ఏం చేశారు?

దీనికి మార్గం లేకపోలేదు. తూర్పు కనుమలలోని మారేడుమిల్లిలో అటవీశాఖ తోడ్పాటుతో వాలమూరు వన సంరక్షణ సమితి యాత్రికుల విడిదిని నిర్వహిస్తున్నది. వంట, కాపలా, దారి చూపడం స్థానిక గిరిజనుల చేతుల్లో ఉంటాయి. అడవి నిలిస్తేనే యాత్రికుడు వస్తాడు, యాత్రికుడు వస్తేనే తమకు పని దొరుకుతుందని వారికి అనుభవం మీద తెలిసింది. కనుక అడవిని కాపాడుకోవడం వారి సొంత పని అయింది.

తమిళనాడు అనుభవం మరింత కఠినమైనది. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని ఇరవైమందికి పైగా యాత్రికులు మరణించారు. వారాంతపు నడకకు వెళ్ళిన జట్లే అవి. ఆ దుర్ఘటన దరిమిలా అక్కడి ప్రభుత్వం అదే ఏడు కొండ నడకలకు నిబంధనలు రూపొందించింది. 2024 అక్టోబరులో 40 బాటలను ఎంపిక చేసి, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారినే, శిక్షణ పొందిన స్థానిక మార్గదర్శకుల వెంట పంపే పథకం ప్రారంభించింది. ఇరవైమంది ప్రాణాలు పోయాక చేసిన పనిని మనం ముందుగానే చేయవచ్చును.

మన రాష్ట్రంలో చట్టం లేకపోలేదు. 1967 అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు పెట్టడం నేరం. అయితే ఆ సంగతి తెలిసి అడవిలో అడుగుపెట్టేవారు ఎందరు? వేసవిలో ఎండుటాకుల మీద పడేసిన ఒక సిగరెట్టు ముక్క చాలు.

పెద్ద నిర్ణయాల నీడ

ఆదివారపు చెత్త కంటె పెద్ద ప్రశ్న మరొకటి ఉన్నది. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ రాడార్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి ఇందుకు ఇచ్చారు. సముద్రంలోని జలాంతర్గాములతో సంబంధం పెట్టుకొనే కేంద్రమిది. ఇటువంటిది తిరునల్వేలిలో 1990 నుంచి ఉన్నదనీ, హాని జరగలేదనీ ప్రభుత్వం చెప్పింది. చెట్లు పోతే మూసీ మూలానికే దెబ్బ అని పర్యావరణవాదులు, మేత భూములు పోతాయని చుట్టుపక్కల గ్రామస్థులు ఆందోళన చేశారు. దేశరక్షణ అవసరం కాదనలేనిది. గ్రామస్థుల భయం కూడా కొట్టివేయదగినది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దిగువన, నగరంలో, మూసీ పునరుజ్జీవం పేరిట నదీగర్భంలోని ఇళ్ళకు గుర్తులు వేయగా పేదలు కలవరపడ్డారు. ఒకే నది, ఒకే కాలం. ఎగువన అడవి తగ్గుతున్నది, దిగువన నదికి చోటివ్వడానికి పేదవాని ఇల్లు తొలగిస్తున్నారు. ఈ రెంటినీ కలిపి చూడవలసిన అవసరం పాతబస్తీ పౌరునికి ఎంతైనా ఉన్నది. కొండ ఎక్కి వచ్చినవాడు ఆ సంబంధాన్ని కళ్ళారా చూసి ఉంటాడు. నడక వలన కలిగే అసలు మేలు అదే కావచ్చు.

చేయదగినవి

అనంతగిరిని కేంద్ర ప్రభుత్వం స్వదేశ్ దర్శన్ 2.0 పథకంలో చేర్చింది. అంటే మున్ముందు రద్దీ పెరుగుతుందే గాని తగ్గదు. గేట్లు, కుటీరాలు కట్టడంతో పని ముగిసిందని అధికారులు భావించరాదు. బాటలను గుర్తించి, ఒక్కొక్కదానికి రోజుకు ఇంతమందేనని పరిమితి విధించాలి. ప్రతి జట్టు వెంట స్థానికుడొకడు కూలి తీసుకుని నడవాలి. మధ్యాహ్న భోజనం గ్రామ మహిళా సంఘాల చేత వండించాలి. తలసరి రుసుములో నిర్ణీత భాగం నేరుగా పంచాయతీకి జమ కావాలి. ఎండాకాలంలో నిప్పు ప్రమాదమున్న రోజుల్లో బాటలు మూసివేయాలి. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకుపోవడం జట్టు నాయకుని బాధ్యత కావాలి.

రుసుము పెడితే పేదవాడు కొండకు దూరమవుతాడన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి జవాబు రైలులో ఉన్నది. యాకుత్‌పురా స్టేషన్ ఎంఎంటీఎస్ మార్గం మీదనే ఉన్నది. లింగంపల్లి వరకు అందులో వెళ్ళి, అక్కడ రైలు మారితే వికారాబాద్ చేరవచ్చు. బస్సు కిరాయిలో కొద్దిపాటి సొమ్ముతో ప్రయాణం పూర్తవుతుంది. సెలవు రోజుల్లో ఈ రెండు రైళ్ళ వేళలను కలిపి, స్టేషను నుంచి కొండకు ఆర్టీసీ బస్సు నడిపితే, ప్రయాణంలో మిగిలిన పైకం గ్రామంలో భోజనానికి ఖర్చవుతుంది. వాహనాల రద్దీ కూడా తగ్గుతుంది.

రైల్వే, ఆర్టీసీ, అటవీశాఖ, జిల్లా యంత్రాంగం ఒకచోట కూర్చుంటే తేలని సమస్య కాదిది. అయితే ఆ సమావేశానికి కొండ కింది గ్రామాల సర్పంచులను కూడా పిలవాలి. నగరం ఆ కొండల నీళ్ళు వందేళ్ళుగా తాగుతున్నది. ఇప్పుడు గాలి కూడా అడుగుతున్నది. ఆ ఊళ్ళను ఒక మాట అడిగి వెళ్ళడం మర్యాద.