బొమ్మ మాట ఎవరి మాట?

ఈ శీర్షికకు అందే ఉత్తరాలలో పెళ్లి సంబంధాలు, అత్తాకోడళ్ల తగవులు, పిల్లల చదువుల సంగతులే ఎక్కువ. గత నెల గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఉత్తరం మాత్రం వేరు. రాసిన సోదరి అనుమతితో, ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు వదిలి, ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

“ఆపా, అస్సలాము అలైకుమ్. మా అమ్మాయికి 13 ఏళ్లు. అల్‌హమ్దులిల్లాహ్, అయిదు పూటలా నమాజు చేస్తుంది. తలపై ఓణీ లేకుండా గడప దాటదు. ఫోనులో ఒక ఆట ఆడుతోంది. అందులో తనకంటూ ఒక బొమ్మ ఉంది. ఆ బొమ్మ బంగారు రంగు జుట్టు విరబోసుకుని, పొట్టి గౌను తొడుక్కుని, ముక్కూ మొహం తెలియని వాళ్లతో కబుర్లాడుతోంది. ఇదేమిటని నిలదీస్తే ‘అది నేను కాదమ్మీ, నా బొమ్మ’ అంటోంది. నాకు జవాబు తోచలేదు. ఆ పిల్ల చెప్పింది నిజమేనా?”

సగం నిజం. ఏ సగమో తేల్చుకునే ముందు, ఆ లోకం గురించి తెలియని తల్లిదండ్రుల కోసం కొంత చెప్పాలి.

మనం ఎరిగిన ఆటలలో గెలుపు ఉంటుంది, ఓటమి ఉంటుంది. ఇక్కడ అవి ఉండవలసిన పని లేదు. లోపలికి వెళ్లగానే ముందుగా ఒక బొమ్మను తయారు చేసుకోవాలి. చర్మపు రంగు, కళ్లు, జుట్టు, దుస్తులు, నగలు, అన్నీ మన ఇష్టం. తరువాత ఆ బొమ్మ నడుస్తుంది, ఇల్లు కడుతుంది, చెయ్యి ఊపుతుంది, ప్రపంచంలో ఏ మూలనో ఉన్న మరొకరి బొమ్మతో కూర్చుని మాట్లాడుతుంది. మాటలు మాత్రం మనం టైపు చేసినవో, మైకులో పలికినవో. పెద్దల కోసం ‘సెకండ్ లైఫ్’ అనే ఇటువంటి లోకం 2003లోనే అమెరికాలో మొదలైంది. పిల్లల్లో విపరీతంగా వ్యాపించిన ‘రోబ్లాక్స్’ 2006లో వచ్చింది. 2025 నాటికి రోజూ దానిలో అడుగుపెట్టేవారి సంఖ్య 10 కోట్లు దాటింది. ఆడపిల్లలు ముచ్చటపడే ‘జెపెటో’ 2018లో కొరియా నుంచి వచ్చింది. ఈ బొమ్మను అందరూ ‘అవతార్’ అంటారు. ఆ మాటకు మన నేలపై మరొక అర్థం ఉంది కనుక నేను బొమ్మ అనే రాస్తాను.

ముస్లిములు ఈ లోకాలకు దూరంగా ఉన్నారనుకోవడం పొరపాటు. 2008 చివర ఫిన్‌లాండ్‌లోని ఒక సంస్థ ‘మక్స్‌లిమ్ పాల్’ పేరుతో ముస్లిముల కోసమే ఒక కాల్పనిక లోకాన్ని తెరిచింది. బొమ్మకు కావాలంటే హిజాబ్ తొడగవచ్చు. కొన్నేళ్లకే అది మూతపడింది. అంతకు ముందే, 2007లో, ‘ఇస్లామ్ ఆన్‌లైన్’ వారు సెకండ్ లైఫ్‌లో మక్కా నగరాన్ని నిర్మించారు. వెళ్లినవారి బొమ్మకు ఇహ్రామ్ వస్త్రాలు ఇచ్చేవారు. బొమ్మ కాబా చుట్టూ తవాఫ్ చేసేది, అరఫాత్‌కు వెళ్లేది, మినాలో రాళ్లు విసిరేది. హజ్‌కు వెళ్లబోయేవారికి విధులు నేర్పడం, ముస్లిమేతరులకు హజ్ అంటే ఏమిటో చూపడం దాని ఉద్దేశం. అంతటి శ్రద్ధతో కట్టినా, అది హజ్ అని కట్టినవారే అనలేదు. 2021 డిసెంబరులో హజరె అస్వద్‌ను వర్చువల్ రియాలిటీ కళ్లద్దాల ద్వారా చూపే కార్యక్రమం సౌదీ అరేబియాలో మొదలైనప్పుడు మళ్లీ ఈ చర్చ లేచింది. కొద్ది వారాలకే తుర్కీయే ధార్మిక వ్యవహారాల సంస్థ ‘దియానెత్’ తన మాట చెప్పింది: తెరపై కాబాను సందర్శించవచ్చు, అది హజ్ కానేరదు, హజ్ కోసం మనిషి పాదాలు ఆ నేలను తాకాలి.

కాబట్టి బొమ్మ చేసిన హజ్ మన హజ్ కాదు. ఈ విషయంలో అమ్మాయి వాదన నిలుస్తుంది. బొమ్మ వేరు, తాను వేరు.

బొమ్మలతో ఆడుకోవడం కూడా మన ధర్మానికి పరాయిది కాదు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారని హదీసు గ్రంథాలలో ఉంది. ఆ బొమ్మల నడుమ రెక్కలున్న గుర్రాన్ని చూసి దైవప్రవక్త (సఅసం) ఇదేమిటని అడిగారు. సులైమాన్ (అలైహి) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆయన పలువరుస కనిపించేలా నవ్వారు. అబూ దావూద్‌లోని ఈ ఉల్లేఖనాన్ని చదివినప్పుడల్లా నాకూ నవ్వు వస్తుంది. గుర్రానికి రెక్కలేమిటని ఆయన గద్దించలేదు. పసివారి ఊహకు ఇంట్లో చోటిచ్చారు. రూపాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి, ఫత్వా ఇచ్చే స్థానం నాది కాదు. అయితే పిల్ల బొమ్మకు బంగారు రంగు జుట్టు ఉన్నందుకే ఇంట్లో పిడుగు పడినట్లు ప్రవర్తించనక్కరలేదని మాత్రం అనగలను.

ఇక రెండవ సగం. బొమ్మ చేసిన హజ్ నాది కానప్పుడు, బొమ్మ చెప్పిన అబద్ధం మాత్రం నాదెలా అవుతుంది?

హజ్‌కు దేహం కావాలి, ధనం కావాలి, ఆ నేల కావాలి, ఆ దినాలు కావాలి. తెర ముందు కూర్చున్నవాడి వద్ద వాటిలో ఏదీ లేదు. అబద్ధానికి అవేవీ అక్కరలేదు. ఒక మనసు, ఒక మాట చాలు. ఆ రెండూ తెర ముందే ఉన్నాయి. బొమ్మకు నాలుక లేదు. అది పలికిన ప్రతి అక్షరమూ పిల్ల వేళ్ల కిందినుంచి వెళ్లిందే. నోట వెలువడే ప్రతి మాటనూ నమోదు చేసేవారున్నారని సూరా ఖాఫ్ తెలుపుతోంది. తీర్పుదినాన నోళ్లు మూతపడి చేతులు మాట్లాడతాయని సూరా యాసీన్ హెచ్చరిస్తోంది. వేళ్లతో మాట్లాడే ఈ కాలంలో ఆ హెచ్చరిక మరింత దగ్గరగా వినిపిస్తుంది. ఎగతాళి, చాడీ, పరాయి పురుషునితో సరసం, ఇవన్నీ బొమ్మ ముసుగులో జరిగినా మనిషి చేసినవే.

పిల్లలకు ఈ తేడా తెలియదని కాదు. 2020 జూన్‌లో ‘పబ్‌జీ మొబైల్’ ఆటలో ఒక కొత్త భాగం వచ్చింది. అడవిలో కొన్ని కొయ్యస్తంభాలుంటాయి. బొమ్మ వాటి ముందు మొక్కితే శక్తి లభిస్తుంది. గల్ఫ్ దేశాలలోని ముస్లిం ఆటగాళ్లు, ముఖ్యంగా యువకులు, భగ్గుమన్నారు. వంగేది బొమ్మే కదా అని వారు సరిపెట్టుకోలేదు. మీట నొక్కవలసింది తమ వేలేనని వారికి తెలుసు. సంస్థ క్షమాపణ చెప్పి ఆ దృశ్యాన్ని తొలగించింది. రోజంతా తుపాకీ ఆట ఆడే కుర్రవాళ్లకు తౌహీద్ దగ్గర తట్టిన ఈ ఎరుక మాట దగ్గర, చూపు దగ్గర ఎందుకు తట్టదన్నదే నా ప్రశ్న.

వేషం విషయంలోనూ తల్లి బాధను పూర్తిగా కొట్టివేయను. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. పొడవైన బొమ్మలు దక్కినవారు డబ్బు పంచుకునే బేరంలో ఎక్కువ మొండిగా వ్యవహరించారు. అందమైన బొమ్మలు దక్కినవారు ఎదుటివారికి మరింత దగ్గరగా వెళ్లి నిలబడ్డారు, తమ గురించి ఎక్కువ చెప్పుకున్నారు. బొమ్మను మనం తొడుక్కుంటాం, కొంతసేపటికి అదీ మనల్ని తొడుక్కుంటుంది. వస్త్రానికీ హయాకూ సంబంధం ఉందని నమ్మే మనకు ఇది వింత కాకూడదు.

డబ్బు సంగతి కూడా ఉంది. రోబ్లాక్స్‌లో ఉచితంగా లభించే మామూలు బొమ్మతో తిరిగే పిల్లలను తోటి పిల్లలు ‘బేకన్’ అని వెక్కిరిస్తారు. ఆ బొమ్మ జుట్టు బేకన్ ముక్కల్లా ఉంటుందట. బేకన్ అంటే పంది మాంసమని మన పిల్లల్లో ఎందరికి తెలుసో! ఆ వెక్కిరింత తప్పించుకోవడానికి ‘రోబక్స్’ అనే అక్కడి నాణేలు కొనాలి. వాటికి మన రూపాయలే చెల్లించాలి. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడాన్నీ, చెడ్డ పేర్లు పెట్టి పిలవడాన్నీ సూరా అల్ హుజురాత్ నిషేధించింది. మన ఇంటి బిడ్డ ఆ పేరుతో వెక్కిరించబడుతున్నాడేమో అడుగుతున్నాం గానీ, వెక్కిరిస్తున్నాడేమో అడుగుతున్నామా?

ఇంతవరకు ఆలోచించి ఆ సోదరికి ఫోన్ చేశాను. “అమ్మాయి బొమ్మ జుట్టు సంగతి పక్కన పెట్టండి. ఆ బొమ్మ ఎవరితో మాట్లాడుతోందో, ఏం మాట్లాడుతోందో అడిగారా?” అన్నాను. అడగలేదన్నారు. “ఫోన్ లాక్కున్నాను ఆపా. మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.” వారం తరువాత ఆమే మళ్లీ ఫోన్ చేశారు. గొంతు మారిపోయి ఉంది.

రాత్రి ఇషా తరువాత పక్కన పడుకోబెట్టుకుని, కోప్పడనని మాట ఇచ్చి అడిగితే పిల్ల చెప్పిందట. రెండు నెలలుగా ఒక అబ్బాయి బొమ్మ పరిచయం. తనకు 15 ఏళ్లని చెప్పుకున్నాడు. ఇద్దరి బొమ్మలూ కలిసి ఒక ఇల్లు కట్టుకున్నాయి. మొదట హోంవర్కు కబుర్లు. తరువాత, ఇక్కడ వద్దు, వేరే యాప్‌లో మాట్లాడుకుందామన్నాడు. తరువాత, ఓణీ లేకుండా ఒక ఫొటో పంపమన్నాడు. పిల్ల పంపలేదు. తన బడి పేరు మాత్రం అప్పటికే చెప్పేసింది. అతడు నిజంగా 15 ఏళ్ల బాలుడే కావచ్చు, 40 ఏళ్ల మగవాడూ కావచ్చు. బొమ్మను చూసి వయసు చెప్పలేము.

“నాకెందుకు చెప్పలేదే అంటే ఏమన్నదో తెలుసా ఆపా? నువ్వు జుట్టు దగ్గరే ఆగిపోయావు కదమ్మీ అన్నది.”

మరొక మాట చెప్పడానికి ఆమె చాలా తటపటాయించారు. ఆ ఆటలో పిల్లల వయసును బట్టి మాటలకు హద్దులుంటాయి. చిన్నపిల్ల అని తెలిస్తే అపరిచితులు నేరుగా సందేశాలు పంపలేరు. మరి వీరికి ఆ హద్దు ఎందుకు అడ్డుపడలేదు? ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం అడిగితే, అసలు సంవత్సరం వేస్తే ఏవేవో అనుమతులు అడుగుతోందని, 2003 అని వేశారు. వేసింది పిల్ల కాదు. తల్లే.

నాకు ఆ క్షణాన ఒక హదీసు గుర్తుకు వచ్చింది, ఆమెకు చెప్పాను. ఒక తల్లి తన చిన్న కుమారుణ్ణి, ఇటు రా, నీకొకటి ఇస్తానని పిలిచింది. ఏమివ్వదలచావని దైవప్రవక్త (సఅసం) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇస్తానన్నది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేర ఒక అబద్ధం రాయబడేదని ఆయన అన్నారు. ఆమె ఫోనులోనే ఏడ్చారు. ఆమెను నిందించడానికి ఇది రాయడం లేదు. ఆ పెట్టెలో ఉన్నది ఉన్నట్లు నింపిన తల్లిదండ్రులు మనలో ఎందరు? నా మనవడి ఖాతాలో ఏ సంవత్సరం ఉందో ఆ సాయంత్రమే చూశాను. అక్కడా తప్పే ఉంది.

ఆ తరువాత ఏం చేశారో కూడా చెబుతాను, మరొక ఇంటికి పనికి రావచ్చు. ముందు ఆ సంభాషణలను స్క్రీన్‌షాట్లుగా భద్రపరిచారు. ఆ తరువాతే ఆ ఖాతాను బ్లాక్ చేసి, ఆట నిర్వాహకులకు ఫిర్యాదు పంపారు. ముందే తుడిచేస్తే ఆధారం ఉండదు. పిల్లవాళ్ల అబ్బా బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయురాలికి విషయం చెప్పి, అపరిచితులెవరైనా అడుగుతూ వస్తే పిల్లను పంపవద్దని కోరారు. అతడు మళ్లీ ఏదో దారిలో సందేశం పంపితే సైబర్ నేరాల నంబరు 1930కి, పిల్లల సహాయానికి 1098కి ఫోన్ చేయాలని నిర్ణయించుకున్నారు. బంధువులలో ఎవరికీ చెప్పలేదు. ఇది ముఖ్యమని నా అభిప్రాయం. పొరపాటు చేసిన పిల్లను పదిమంది ఖాలాల ముందు నిలబెడితే, మరొకసారి ఆపద వచ్చినప్పుడు ఆ పిల్ల నోరు విప్పదు. ఆడపిల్ల పరువు అంటూ లోలోపల అణచివేసి, ఆమెనే దోషిగా చూసే ఇళ్లు కూడా నాకు తెలుసు. అడిగినవాడిది నేరం. చెప్పిన పిల్లది ధైర్యం.

ఆటను పూర్తిగా మాన్పించాలా? తుర్కీయే 2024 ఆగస్టులో పిల్లల భద్రత కారణంగా రోబ్లాక్స్‌నే మూసివేసింది. ఆ దారి ఎంచుకునే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. ఈ సోదరి మరొకటి ఎంచుకున్నారు. పాత ఖాతా తీసేశారు. సరైన పుట్టినతేదీతో కొత్తది తెరిచి, తన ఖాతాకు జోడించుకున్నారు. అసర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య, హాలులో, అందరి ఎదుట, అరగంట. ఆమె కూడా పక్కన కూర్చోవాలి. అందుకు ఆమెకూ ఒక బొమ్మ కావలసి వచ్చింది. పిల్లే తయారు చేసింది.

నిన్న ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనుక పిల్ల నవ్వు వినిపిస్తోంది. “నన్ను సన్నగా, పొడుగ్గా చేసింది ఆపా. నేనిట్లా ఉన్నానా అని అడిగితే పెళ్లినాటి ఫొటోలో ఇట్లాగే ఉన్నావంటోంది. తలపై దుపట్టా పెట్టింది, బాగుంది. కళ్లజోడు మాత్రం లేదు. అది లేకుండా నన్ను నేనే గుర్తుపట్టలేకపోతున్నాను. కళ్లజోడుకు డబ్బులు కట్టాలంటోంది. కట్టమంటారా?”