మోటారు మోసే పలక



మన కోస్తా పల్లెల్లో వేటకు వెళ్లే అనేక కుటుంబాలకు ఫైబర్ బోటే ఆధారము. 2004 డిసెంబరు సునామీ తరువాత ఇవి మరింత పెరిగాయి. ఈ నెల మోటారు బిగించే అమరం పలకను గూర్చి తెలుసుకుందాము. మోటారు బరువును, అది నెట్టే బలాన్ని మోసేది ఈ పలకే. ఒడ్డున ఊడితే డబ్బు నష్టము. నడిసముద్రములో ఊడితే ప్రాణాలకే అపాయము.

పైకి ఫైబర్ కనిపించినా లోపల ఎక్కువగా ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీరు దిగి అది కుళ్లుతుంది. ఉప్పునీటికన్నా నిలిచిన వాననీరు త్వరగా చెరుపుతుంది. సుత్తితో మెల్లగా తట్టి చూడండి. గట్టి చెక్క టకటకమంటుంది, కుళ్లినది మొద్దుగా పలుకుతుంది. అనుమానముంటే లోపలి వైపు సన్న రంధ్రము వేయండి. పొట్టు నల్లగా, తడిగా వస్తే చెక్క మార్చవలసిందే.

మరి లోపల ఏమి పెట్టాలి?

మెరైన్ ప్లైవుడ్: అందరికీ అందుబాటులో ఉన్నది ఇదే. ఐ.ఎస్. 710 ముద్ర చూసి కొనండి. 72 గంటలు నీటిలో మరిగించినా పొరలు విడకూడదని ఆ ప్రమాణము. చిన్న ముక్కను ఇంటి వద్ద మరిగించి చూడవచ్చు. బీరువాలకు వాడే మామూలు ప్లైవుడ్ వద్దు. పాత పలక మందము కొలిచి, అంతే మందము వచ్చేలా షీట్లు అతికించండి.

టేకు: త్వరగా కుళ్లదు. కాని దానిలోని నూనె వలన రెజిన్ సరిగా పట్టదు. వెడల్పు పలక తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది.

ఫోము: కుళ్లదు, తేలిక. అయితే మెత్తని రకము బోల్టు బిగింపుకే నలిగిపోతుంది. గట్టి రకము ఖరీదు ఎక్కువ. థర్మోకోల్ అసలే వద్దు, పాలియెస్టర్ రెజిన్ తగిలితే కరిగిపోతుంది.

ఏది పెట్టినా లోపల బాగా ఆరిన తరువాతే పెట్టండి. చెక్క అంచులన్నిటికీ ముందే రెజిన్ పట్టించండి. బోల్టు రంధ్రమును పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నడుమ మళ్లీ తొలిస్తే నీరు చెక్కను తాకదు. వెడల్పాటి వాషర్లు వేయండి.

ఒక హెచ్చరిక: పాలియెస్టర్ రెజిన్‌లో కలిపే కోబాల్టును, హార్డనర్‌ను నేరుగా ఒకదానితో ఒకటి కలుపరాదు, మంటలు లేస్తాయి. పిల్లలను దూరముగా ఉంచి, గాలి ఆడే చోట పని చేయండి.

చెక్క దగ్గర మిగిల్చిన కొద్ది రూపాయలకన్నా వేటకు వెళ్లినవారు క్షేమముగా ఇల్లు చేరడమే మనకు ముఖ్యము.