ఫ్లెక్సీ ముందు ఫొటో దిగితే మడ అడవి బతుకుద్దా?



జూన్ 5 వచ్చిందంటే చాలు, మచిలీపట్నం నుంచి గుడివాడ దాకా కాలేజీల్లో ఒకటే సందడి. ప్లాస్టిక్ వద్దని రాసిన ప్లాస్టిక్ ఫ్లెక్సీ, ఒక్క మొక్క చుట్టూ పదిమంది చేతులు, ఫొటో, సమోసా. మేమూ ఆ ఫొటోల్లో ఉన్నాం, దాచేదేం లేదు. 1991లో సుప్రీంకోర్టు చెప్పిన చాలా ఏళ్లకి పర్యావరణం డిగ్రీలో తప్పనిసరి పేపరైంది. మడ అడవుల మీద జవాబు రాసి మార్కులూ తెచ్చుకున్నాం. బస్సెక్కితే నాగాయలంక. ఒక్కసారైనా తీసుకెళ్లింది లేదు.

క్లాసులో విన్న ఒక మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటా ఉంది. పుల్లలు ఏరుకునే, పీతలు పట్టుకునే జనం వల్లే మడ అడవి తగ్గిపోతోందంట! ఆ జనం ఎవరు? మన యానాదులు. వేళ్ల కింద బొరియలో చెయ్యిపెట్టి మండపీత తీసేవాడికి, చెట్టు నరికితే రేపు పీత ఉండదని ఒకరు చెప్పాలా? దివిసీమకెళ్లి చూడండి, ఎటు చూసినా రొయ్యల చెరువులే. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరం వెంబడి అలాంటి చెరువులు తీసెయ్యమంది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి వాటిని నిలబెట్టింది. 1977 ఉప్పెన చూసిన పెద్దోళ్లని అడగండి, అల ఊపుని ఆపేది చెరువు గట్టో, మడ వేళ్లో.

మరుసటేడు, 2006లో, మనకీ ఒక చట్టం వచ్చింది. అటవీ హక్కుల చట్టం ఏజెన్సీకేనని మనోళ్లలో చాలామంది అనుకుంటారు. తప్పు. అటవీ భూమి ఎక్కడుంటే అక్కడ వర్తిస్తుంది, అభయారణ్యాల్లో కూడా. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచీ ఆ అడవినే నమ్ముకున్న గిరిజనులకి చేపల మీద, నీళ్లల్లో దొరికేవాటి మీద సామూహిక హక్కు మూడో సెక్షన్‌లో ఉంది. అడవిని కాపాడే అధికారం ఐదో సెక్షన్‌లో ఉంది. క్లెయిమ్ పెట్టేది గ్రామసభకి. పెద్దోళ్లు చెప్పింది రాసిస్తే సాక్ష్యంగా చెల్లుతుందని నియమాల్లోనే ఉంది.

అందుకే మేం అడిగేది ఇది. నెట్‌లో కాపీ కొట్టే ప్రాజెక్టు మానేద్దాం. ఎదురుమొండి, సొర్లగొంది వైపెళ్లి పీతలు పట్టే తాత పక్కన కూర్చుందాం. ఏ కాలవలో, ఏ నెలలో, ఎన్నేళ్ల నుంచి పడుతున్నాడో రాసుకుందాం. ప్రాజెక్టూ అదే, క్లెయిమ్‌కి కాగితమూ అదే. ఆ రోజు తాతకి పోయిన కూలి కాలేజీ ఇవ్వాలి, గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చినట్టే.

నాగాయలంక, కోడూరు వైపు ఎవరికి చుట్టాలున్నారో చెప్పండి. ముందు ఏ ఊరెళ్లాలో తేల్చుకుందాం.