లేఖ్యప్రమాణము - మన పాఠశాలల చరిత్ర

యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయమున లేఖ్యము, భుక్తి, సాక్షులు అను మూడింటిని మానుషప్రమాణములుగా పరిగణించెను. ఇవి దొరకనపుడే దివ్యమునకు పోవలెనని ఆయన నిర్ణయము. ఈ విషయమును మనము ఏటేటా విద్యార్థులకు పాఠము చెప్పుచున్నాము. కాని మన పాఠశాలల చరిత్ర, అగ్రహారముల చరిత్ర, గురుపరంపరల చరిత్ర వ్రాయవలసి వచ్చినపుడు మాత్రము లేఖ్యమును విడిచి సాక్షులను, అందును కంటితో చూడని సాక్షులను ఆశ్రయించుచున్నాము. "పెద్దలు చెప్పగా వింటిమి" అను మాట మన పరిశోధన వ్యాసములలో ఆధారముగా చెల్లుచున్నది. ఆర్కైవ్స్ అని వ్యవహరింపబడు ప్రభుత్వ పత్రభాండాగారముల గడప మన ప్రాచ్యకళాశాలల వారు తొక్కవలెనని, ఆ పని మనము తప్ప ఇతరులు చేయజాలరని ఈ వ్యాసమున విన్నవించుచున్నాను.

ఇది మన సంప్రదాయమునకు కొత్తది కాదు. కౌటిల్యుడు అక్షపటలమును గూర్చి చెప్పుచు, నిబంధపుస్తకములుంచు స్థానమును తూర్పుముఖముగా గాని ఉత్తరముఖముగా గాని కట్టింపవలెననెను. దేశముల, గ్రామముల, జాతుల, కులముల ధర్మములను, వ్యవహారములను, చరిత్రములను అందు వ్రాసి యుంచవలెననెను. అర్థశాస్త్రము తాళపత్రప్రతిగా మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున దొరకి, శామశాస్త్రిగారిచే 1909లో అచ్చుపడినది. ఆ ఏడే మద్రాసు ఎగ్మూరులో ప్రభుత్వ రికార్డుల కార్యాలయమునకు ప్రత్యేక భవనము ఏర్పడినది. మొదటిదానిని మనము తలకెత్తుకొంటిమి. రెండవదానివైపు చూడలేదు.

చూడకపోవుటచేత కలిగిన నష్టమునకు ఒక ఉదాహరణ చెప్పెదను. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న ఒక ఉత్తరువు వ్రాసి, ప్రతి జిల్లాలోను ఎన్ని పాఠశాలలున్నవో, ఎందరు చదువుచున్నారో తెలుపవలెనని కలెక్టర్లను కోరెను. రాజమహేంద్రవరము కలెక్టరు 1823లో తన జవాబు పంపెను. వేదశాస్త్రములు చెప్పు విద్యాస్థానములు 279, విద్యార్థులు 1,454 మంది అని అందున్నది. లెక్కలు పంపిన జిల్లాలలో ఇంత పెద్ద సంఖ్య మరియొకటి లేదు. గుంటూరు జిల్లా లెక్క 171, మచిలీపట్నము లెక్క 49. ధర్మపాల్ గారు ఈ పత్రములను భాండాగారము నుండి ఎత్తి వ్రాసి, 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' అను గ్రంథమున ప్రకటించిరి. అంతవరకు నూటయరువది యేండ్లు గోదావరీతీరవిద్యకు ఇంతటి సాక్ష్యమున్నదని గోదావరీతీర పండితులలో ఎందరికి తెలియును?

సంఖ్య తెలిసిన తరువాత మనవారు దానిని సభలలో ఉపన్యసించుట మొదలుపెట్టిరి. అదియు చాలదు. 1,454ను 279చే భాగించినచో ఒక్కొక్క గురువునకు అయిదుగురు శిష్యులు వచ్చుచున్నారు. అనగా ఇంగ్లీషున 'కాలేజి' అని వ్రాసినది మన దృష్టిలో ఒక పండితుని వీధియరుగు. ఆ యరుగుమీద కూర్చుండి చదివినవారికి ఇది వెంటనే తట్టును. ఇతరులు ఆ మాటను చూచి భవనములను ఊహింతురు. రెవెన్యూ బోర్డువారు 1825లో ఈ జవాబులను సంగ్రహించి ప్రభుత్వమునకు నివేదించుచు, రాజమహేంద్రవరము జిల్లాలో 69 మంది అధ్యాపకులకు భూములు, 13 మందికి నగదు వర్షాశనములు పూర్వపు జమీందారులు ఇచ్చినవి కలవనిరి. తక్కిన వారు, అనగా ప్రతి పదిమందిలో ఏడుగురు, ఏ మాన్యమును లేకయే చదువు చెప్పిరన్నమాట. రాజులు పోషించినంతకాలము విద్య నిలిచినది, రాజులు పోగానే పడినది అని మనము చెప్పుకొను కథను ఈ లెక్క ప్రశ్నించుచున్నది. అట్లే, ఆ విద్యార్థులు దాదాపుగా ఒకే వర్ణమువారనియు అవే పత్రములు చెప్పుచున్నవి. గర్వపడుటకు మొదటి గడిని చదివి, రెండవ గడిని విడుచుట పండితధర్మము కాదు.

ఇంతకంటె విస్తారమైన సామగ్రి ఇనాము రిజిస్టర్లలో నున్నది. మద్రాసు ప్రభుత్వము 1858లో ఇనాము కమిషనును ఏర్పరచి, గ్రామగ్రామమున మాన్యములను విచారించినది. ప్రతి మాన్యమునకు ఇరువదికి పైగా గడులలో వివరములు వ్రాయబడినవి: భూమి విస్తీర్ణము, ఏ పనికై ఇచ్చిరి, మొదట ఇచ్చినవారెవరు, పూర్వపు లెక్కలలో ఎవరి పేర నున్నది, ఇప్పటి అనుభవదారు ఎవరు, వారికి వీరేమగుదురు. యాజ్ఞవల్క్యుని లేఖ్యమును భుక్తియు ఒకే పుటలో పక్కపక్కన నిలిచినవి. వేదవృత్తి, భట్టవృత్తి, శ్రోత్రియము, దేవదాయము, ధర్మాదాయము అను మాటలు గుమాస్తా ఇంగ్లీషులో వికృతరూపములు ధరించి కనబడును. వాని భేదము తెలిసినవాడు చదివినగాని ఆ భూమి స్వాధ్యాయమునకు ఇచ్చినదో, అర్చనకు ఇచ్చినదో తేలదు. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చుననియు, జనవరి మొదలు జూను వరకు 591 కలుపవలెననియు తెలియనివాడు ఒక ఏడు తప్పి వ్రాయును.

ఈ పత్రములను వెదకుట సులభము కాదు. రామచంద్రపురమునే తీసికొందము. ఈ సీమ మొదట రాజమహేంద్రవరము జిల్లా. 1859లో గోదావరి జిల్లా యైనది. 1925లో తూర్పుగోదావరి యైనది. 2022లో కోనసీమ జిల్లాలో చేరినది. పాలనాకేంద్రము మారినప్పుడెల్ల కాగితములు కొన్ని కదలినవి, కొన్ని నిలిచిపోయినవి. బోర్డు కార్యకలాపములు మద్రాసునను, గోదావరి జిల్లా రికార్డుల సంపుటములు హైదరాబాదు తార్నాకలోను పరిశోధకులు చూచిరి. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట ఆ తార్నాక భవనము తెలంగాణ రాష్ట్రమునకు చెందినది. ఒక గ్రామచరిత్రకు రెండు రాష్ట్రముల ఎల్లలు దాటవలసి యున్నది. గ్రామలెక్కల గతి మరియు శోచనీయము. 1984లో కరణీకములు రద్దయినవి. తరతరములుగా కరణముల ఇండ్లలో గొలుసుకట్టు వ్రాతతో నున్న చిట్టాలు, దండకవిలెలు కొన్ని కార్యాలయములకు చేరినవి, తక్కినవి అటకలమీద చెదలకు ఆహారమైనవి.

భాండాగారమునకు పోయినవాడు ఊరి పేరు చెప్పి అడిగిన ప్రయోజనముండదు. నేనొక కార్యాలయమున అట్లడుగగా "ఊరు కాదండీ, శాఖ, సంవత్సరము, సంపుటము చెప్పండి" అనిరి. అది వారి తప్పు కాదు. పత్రములు విషయమును బట్టి కాక, వానిని పుట్టించిన కార్యాలయమును బట్టి అమర్చబడును. ముందు ఆ కాలపు పాలనాక్రమము నేర్చి, ఎవరు ఎవరికి వ్రాసియుందురో ఊహించి, సూచికలు తిరుగవేసి, చీటీ వ్రాసి ఇయ్యవలెను. వచ్చిన కట్ట విప్పగా అంచులు రాలును. గుమాస్తా చేవ్రాతకు కన్ను అలవాటు పడుటకు వారములు పట్టును. సంస్కృతవ్యాకరణమును పండ్రెండేండ్లు చదివినవానికి ఈ పట్టుదల కొత్తది కాదు.

ఇది చరిత్రశాఖ వారి పని, మనకెందుకని కొందరనవచ్చును. శిస్తు వసూలుకై పరదేశ ప్రభుత్వము వ్రాయించిన కాగితములు ప్రమాణమెట్లగునని మరికొందరనవచ్చును. మొదటివారికి జవాబు పైననే చెప్పితిని. రెండవవారికి మీమాంసకులే జవాబు చెప్పిరి. ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి అను ఆరింటిచేత తాత్పర్యమును నిర్ణయింపవలెను గదా. శిస్తు ఈ పత్రముల ఫలము. ఆ ఫలమునకు లాభించు వాక్యమును అనుమానించి చదువవలెను. దానితో సంబంధము లేక ప్రసక్తానుప్రసక్తముగా వచ్చిన వాక్యమునకు బలమెక్కువ. మాన్యము నిలుపుకొనుటకు అనుభవదారు చెప్పిన వంశకథనైనను ఇట్లే పరీక్షింపవలెను. ఆ పరీక్షలో మన యింటి కథలు కొన్ని నిలువక పోవచ్చును. దానికి సిద్ధపడనివాడు ఆ కట్టలు విప్పకుండుట మేలు.

1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి స్థాపించిన పెద్దలు శాసనములను వెదకి తెచ్చి ప్రకటించిరి. మన పొరుగున నున్న ద్రాక్షారామ శాసనములు దక్షిణభారత శాసన సంపుటములలో అచ్చయినవి. రాతిమీది అక్షరమునకు జరిగిన సేవ కాగితముమీది అక్షరమునకు జరుగలేదు. కావున మూడు పనులు చేయవలెనని నా అభిప్రాయము. పరిశోధక విద్యార్థులకు గొలుసుకట్టు వ్రాత, పాత ఇంగ్లీషు చేవ్రాత, ఫసలీ గణనము, వీసము పరకల గుర్తులు ఒక పత్రముగా బోధింపవలెను. ప్రతి కళాశాలయు తన చుట్టునున్న గ్రామముల ఇనాము వివరములను ఎత్తి వ్రాయించి, సంకేతపదములకు అర్థములతో ఇట్టి పత్రికలలో ప్రకటింపవలెను. కరణముల వంశీయులను కలిసి, మిగిలిన కవిలెలకు ఛాయాచిత్రములు తీయించి, మూలమును వారికే తిరిగి ఇయ్యవలెను. మూడవ పని ముందు మొదలు పెట్టవలెను. మొదటి రెండింటికి కాగితములు మరికొంతకాలము వేచియుండును. అటకమీదివి మరియొక వానకాలము నిలుచునన్న నమ్మకము లేదు.