నార్మల్ రిపోర్టు, నమ్మని ఇల్లు

కడుపునొప్పి అంటున్న పిల్లను అబద్ధాలకోరుగా తేల్చడానికి మనకు ఒక్క కాగితం చాలు: నార్మల్ అని వచ్చిన స్కాన్ రిపోర్టు. అది చేతికందగానే డాక్టరు ‘ఏమీ లేదమ్మా’ అంటాడు. ఇంట్లోవాళ్లు ‘బడి ఎగ్గొట్టే వేషాలు’ అంటారు. జబ్బు దొరకలేదన్న మాట కాస్తా నొప్పే లేదన్న తీర్పయిపోతుంది. ఇంతకంటే దౌర్జన్యం ఉందా?

నెలల తరబడి వచ్చిపోయే ఈ నొప్పి కొత్తదేం కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలించిన ఆప్లే, నైష్ అనే డాక్టర్లు, పదిమందిలో ఒకరికి ఇది ఉందని 1958లోనే చెప్పారు. వీళ్లలో పుండో, వాపో దొరికేది కొద్దిమందిలోనే. మిగతావాళ్లలో చాలామందికి పేగుల మామూలు కదలికను కూడా నరాలు నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి. స్కాన్‌లో అవయవాల ఆకారం కనబడుతుంది. నరాల సున్నితత్వం కనబడదు. కనబడనిది లేదనడం శాస్త్రం కాదు, సోమరితనం.

‘పెద్దయితే అదే పోతుంది’ అన్నది సగం నిజం. ఎక్కువమందికి పోతుంది. కానీ పాత అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి సమీక్షలో, సుమారు 5 ఏళ్ల తర్వాత కూడా 29 శాతం మందిని నొప్పి వదల్లేదు. స్పెషలిస్టుల దాకా వెళ్లిన పిల్లల్లో దాదాపు సగంమంది, పెద్దయ్యేలోగా ఎప్పుడో ఒకప్పుడు ఆందోళన జబ్బు బారిన పడ్డారని 2013లో అమెరికా పరిశోధకులు చెప్పారు. ఆ నొప్పి లేనివాళ్లలో అది 20 శాతమే. నొప్పే ఆందోళన తెచ్చిందని ఈ లెక్క తేల్చదు. కడుపును చూసేవాళ్లు మనసునూ చూడాలని మాత్రం చెబుతుంది.

మనం చేస్తున్నదేమిటి? స్కాన్ మీద స్కాన్. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ కనిపించే చిన్న లింఫు గ్రంథులను చూపి ‘కడుపులో గడ్డలు’ అని బెదరగొట్టడం. బడిలో కంపు మరుగుదొడ్డికి వెళ్లలేక సాయంత్రం దాకా బిగబట్టుకుని, మలబద్ధకంతో మెలికలు తిరిగే పిల్లకు యాంటీబయాటిక్ రాయడం. ఆ దొడ్డి కడిగించని బడిని మాత్రం ఎవరూ నిలదీయరు!

బరువు తగ్గినా, మలంలో రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, జ్వరం వదలకపోయినా, నొప్పి నిద్రలోంచి లేపినా పరీక్షలు చేయాల్సిందే. అవేవీ లేనప్పుడు కావలసింది పిల్లను నమ్మడం, బడి మాన్పించకపోవడం, గంటకోసారి ‘నొప్పి ఉందా’ అని గుచ్చి అడక్కపోవడం, నొప్పిని తట్టుకోవడం నేర్పే మానసిక చికిత్స.

డాక్టరుగారూ, నార్మల్ అని రాసి కలం మూసేయకండి. కింద ఇంకో మూడు ముక్కలు రాయండి: ‘నొప్పి నిజం. చికిత్స ఉంది. మళ్లీ తీసుకురండి.’ అది రాయలేకపోతే స్కాన్ డబ్బులు వెనక్కి ఇచ్చేయండి.